కాలవ కట్టేసిన నెల

నా ఉద్యోగమేంటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు.
హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని
బొమ్మలకి తోలు తొడుగుతుందని
అక్క దయామణి చర్చిలో చెప్పింది.
తప్పేం కాదు. అదే పని.

ఎముకలు వేరేవాళ్ళు పెడతారు, నడక ఇంకొకరు నేర్పుతారు,
కన్నీళ్ళకి భీమవరం కుర్రాడున్నాడు, మంచి పనోడు.
నా వంతుకొచ్చింది పిల్ల డైనోసారు వీపూ పొట్టా వెనక కాళ్ళూ.
బల్లి తోలు వద్దన్నారు, మొసలిది వద్దన్నారు,
ఏనుగుది అందరూ వాడేశారు.
పిల్లలు జడుసుకోకూడదు,
బొమ్మల కొట్లో అమ్ముడుపోవాలి.

ఏదీ నప్పక, సెలవు పెట్టి ఇంటికొచ్చాను.
మే నెల. కాలవ కట్టేశారు.

పదకొండు నెలలు ఒడ్డులొరుసుకుని నడిచిన నీళ్ళు
నాలుగు రోజుల్లో పోతాయి.
ఒంటి చెప్పు, సైకిల్ రిమ్ము, వినాయకుడి ఇనప చట్రం,
నేను పారేసుకున్న గొలుసు తప్ప అన్నీ బయటపడతాయి.
గుంటల్లో మిగిలిన బొమ్మిడాయిల కోసం పిల్లలు దిగుతారు.
ఆపైన ఎండ పనిలోకొస్తుంది.
బురద బిగుస్తుంది, పగులుతుంది,
పెళ్ళల అంచులు అప్పడాల్లా లేస్తాయి.

రేవు మెట్లు దిగి, వంగి,
సెల్లుతో నూట నలభై ఫొటోలు తీశాను.
గట్టు మీంచి నాన్న చూశాడు, ఏమీ అడగలేదు.
ముప్ఫయ్యొక్కేళ్ళుగా లాకుల దగ్గర లస్కరు.
నీళ్ళున్నప్పుడే ఆయనకి మాటలు.

రెండేళ్ళ తర్వాత అమలాపురంలో మ్యాట్నీ.
తల్లిని తప్పిపోయిన పిల్ల అరుస్తోంది
తెలుగులో, ఉతికి ఇస్త్రీ చేసిన తెలుగులో.
గుడ్లు దొంగిలించే పొట్టిదానికి మాత్రం మన యాస పెట్టారు:
"ఆయ్! ఇది తవరి గుడ్డేనాండీ?"
హాలంతా విరగబడి నవ్వింది. మేమూ నవ్వాం,
కాసేపాగి ఎందుకో చిన్నబుచ్చుకున్నాం.

నిస్సీకి ఏడేళ్ళు, సండేస్కూల్లో ఫస్టు.
"పిన్నీ, ఇవి ఓడ ఎందుకెక్కలేదు?"
"టిక్కెట్లు అయిపోయాయేమో."
"మరి జిరాఫీకెలా దొరికింది?"
అక్క దాని నోట్లో సమోసా పెట్టింది.

నిప్పురాళ్ళ వాన కురిసింది. పిల్ల బతికింది,
ఇంటిల్లిపాదీ చూసే సినిమా, బతకాలి.
ఏట్లోంచి లేచి ఒళ్ళు దులుపుకుని
ఎండకి వీపు తిప్పింది.
నాలుగు సెకన్లు. నా నాలుగు నెలలు.
నాన్న ముందు సీటు పట్టుకుని వంగాడు.
"ఇది మన రేవు కింద మట్టి."
ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు.

పేర్లు పడుతుండగానే లైట్లేశారు, తలుపులు తీశారు.
నా పేరు ఎక్కడో
లేచి నిలబడ్డ జనం వీపుల మీద పాకిపోయింది.

ఆటోలో అంబాజీపేట దాకా నాన్న మాట్లాడలేదు.
ఒకచోట కాలవ పక్కకొచ్చింది, నిండుగా.
అప్పుడన్నాడు:
"వీపు బాగుంది. పొట్ట బాగుంది.
మోకాలి వెనకే తేడా.
నీడపట్టు మట్టి అలా పగలదు."
మూడు దేశాల వాళ్ళు చూసి సరేనన్న మోకాలది.
"ఏ రోజు తీశావు?"
"మే పదహారు."
"అదే మరి. ఆవేళ వడగాడ్పు. తొందరగా ఆరింది."
సీటు రెగ్జిను మీద వేలితో గీసి చూపించాడు,
నిదానంగా ఆరితే ఆరు మూలలు,
తొందరపడితే నాలుగు.

ఆ పగుళ్ళు ఇప్పుడెక్కడా లేవు.
ఆ జూన్‌లో నీళ్ళొదిలిన రాత్రే కరిగిపోయుంటాయి.
నిస్సీ నిద్రలో నా మోచెయ్యి గీకుతోంది.

లాకుల దగ్గర ఆటో ఆపించి దిగాడు.
టార్చి వేసి, కొలబద్ద చూసి,
నీళ్ళెంతున్నాయో తనలో తనే చెప్పుకుని,
వెనక్కి తిరిగాడు.

"రెండోది కూడా తీస్తారంటగా.
వచ్చే మేలో సెలవు పెట్టు.
తూము కింద మట్టి చూపిస్తా,
తల్లిదానికి అది నప్పుద్ది."